సాఫ్ట్‌వేర్‌కు కాపలా - టెస్ట్ సూట్



స్కాలర్‌షిప్ దరఖాస్తు, హాజరు పట్టీ, పరీక్ష ఫీజు, హాల్ టికెట్, మార్కుల మెమో... మన చదువుకు సంబంధించిన ప్రతి కాగితం ఈ రోజు ఏదో ఒక సాఫ్ట్‌వేర్ లోంచే బయటికి వస్తోంది. అది సరిగ్గా పనిచేసినంత కాలం దాని ఊసే మనకు రాదు. తప్పు చేసిన రోజున మాత్రం కౌంటర్ అవతలి నుంచి ఒకే జవాబు వినిపిస్తుంది: "కంప్యూటర్‌లో అలాగే చూపిస్తోంది, మేమేం చేస్తాం?" మనలో చాలామందిమి మన ఇళ్ళలో డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం. ఆ జవాబు విన్నాక ఇంటికి వెళ్ళి అడుగుదామంటే చెప్పేవాళ్ళు ఉండరు. అందుకే కంప్యూటర్ ఎందుకు తప్పు చేస్తుంది, ఆ తప్పును ముందే పట్టుకోవడానికి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు ఏ ఏర్పాటు చేసుకుంటారు అన్న విషయం మన మ్యాగజైన్‌లో ఉండాలనుకున్నాం.

ఆ ఏర్పాటు పేరు ఆటోమేటెడ్ టెస్ట్ సూట్. సూట్ అంటే ఇక్కడ కోటూ సూటూ కాదు. ఒకచోట చేర్చిపెట్టిన టెస్టుల కట్ట అని అర్థం. ఈ టెస్టులను మనుషులు కూర్చుని చెయ్యరు. ఒక్క ఆజ్ఞ ఇస్తే కంప్యూటరే అన్నిటినీ వరసగా నడిపి, ఏది పాస్, ఏది ఫెయిల్ అని చెబుతుంది. దీన్ని ఎలా అమర్చాలి, ఎలా నడపాలి, నడిపాక వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మాలి అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక చిన్న గుర్తు చేసిన పని

ముందు ఒక నిజ సంఘటన చెప్పుకుందాం. మేము ఎం.సి.ఎ. చదువుతున్నప్పుడు మా హాస్టల్ మిత్రుడొకడికి హాజరు జాబితాలో పేరు రాలేదు. ఆ కాలేజీ పేరు ఇక్కడ అనవసరం. ఆ సెమిస్టర్‌లో పని దినాలు 80. మావాడు వెళ్ళినవి 60. లెక్క కడితే సరిగ్గా 75 శాతం. నిబంధన ఏమిటంటే "75 శాతానికి తగ్గకూడదు". అంటే 75 ఉంటే చాలు. కానీ హాజరు లెక్కగట్టే ప్రోగ్రాంలో "75 కన్నా ఎక్కువ" అని రాశారు. "75కు సమానం లేదా ఎక్కువ" అని రాయాల్సిన చోట ఒక్క సమానం గుర్తు పడిపోయింది. 76 శాతం వాళ్ళు వచ్చారు, 90 శాతం వాళ్ళు వచ్చారు. సరిగ్గా హద్దు మీద నిలబడ్డవాడు జారిపోయాడు.

జాబితాలో లేకపోతే స్కాలర్‌షిప్ కదలదు. వాడు మూడు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగాడు. ఈలోగా పరీక్ష ఫీజు కట్టే గడువు వచ్చింది. వాళ్ళమ్మ చెవి కమ్మలు తాకట్టు పెట్టి డబ్బు పంపింది. చివరికి రిజిస్టర్ తెచ్చి చూపిస్తే తప్పు ఒప్పుకుని ప్రోగ్రాం దిద్దారు. అందరం సంతోషించాం.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. మరుసటి సెమిస్టర్‌లో బాలికల హాస్టల్ చెల్లెలొకరికి అదే కాలేజీలో, అదే 75 శాతం దగ్గర, అదే తప్పు ఎదురైంది. విచారిస్తే తెలిసింది ఏమిటంటే, ల్యాబ్ హాజరు కొత్తగా కలపవలసి వచ్చి ప్రోగ్రాంను మార్చారు. ఆ మార్పును దిద్దిన కాపీలో కాకుండా పాత కాపీలో చేశారు. దాంతో చచ్చిందనుకున్న తప్పు లేచి కూర్చుంది.

పోయిన తప్పు ఇలా తిరిగి రావడాన్ని సాఫ్ట్‌వేర్ భాషలో 'రిగ్రెషన్' అంటారు. ఒకరి కోసం ఒకసారి దిద్దితే ఆ ఒకరికే మేలు. తర్వాత వచ్చేవాళ్ళకు కూడా ఆ మేలు నిలవాలంటే, దిద్దిన చోట ఒక కాపలా పెట్టాలి. టెస్ట్ సూట్ చేసే పని అదే.

చేత్తో చూస్తే చాలదా?

చూడవచ్చు. చాలా చోట్ల ఇప్పటికీ చూస్తున్నారు. దాన్ని మాన్యువల్ టెస్టింగ్ అంటారు. ఒక మనిషి తెర ముందు కూర్చుని అంకెలు నింపి, బటన్ నొక్కి, జవాబు చూసుకుంటాడు. కొత్తగా చేసిన భాగాన్ని మొదటిసారి చూడటానికి మనిషి కన్నే మంచిది. తెర మీద అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడ్డాయనీ, సూచన అర్థం కావడం లేదనీ మనిషే చెప్పగలడు.

ఇబ్బంది రెండోసారి, పదోసారి, వందోసారి వస్తుంది. ప్రోగ్రాంలో ఒక మూల మార్చితే సంబంధం లేదనుకున్న ఇంకో మూల చెడవచ్చు. కాబట్టి ప్రతి మార్పు తర్వాత పాతవన్నీ మళ్ళీ చూడాలి. రెండు వందల సంగతులను ప్రతిరోజూ చేత్తో చూసే ఓపిక ఎవరికి ఉంటుంది? మూడో రోజుకు "నిన్న చూశాం కదా" అనిపిస్తుంది. తప్పు అక్కడే దూరుతుంది. యంత్రానికి విసుగు లేదు. అందుకని మారనివాటిని పదే పదే చూసే పని యంత్రానికి ఇచ్చి, కొత్తవాటిని చూసే పని మనిషి పెట్టుకోవడం మంచి పద్ధతి.

టెస్టు ఎలా ఉంటుంది?

ఒక టెస్టులో మూడు భాగాలుంటాయి. మొదటిది అమరిక: కావలసిన సమాచారం సిద్ధం చెయ్యడం. రెండోది చర్య: ప్రోగ్రాంలోని ఆ భాగాన్ని పిలవడం. మూడోది సరిచూపు: వచ్చిన జవాబును రావలసిన జవాబుతో పోల్చడం. మూడూ కలిపి నాలుగైదు వరసలకు మించవు.

పైన చెప్పిన హాజరు లెక్కనే తీసుకుందాం. దానికి మేమైతే ఈ టెస్టులు రాస్తాం:

1. పని దినాలు 80, హాజరు 60 (75 శాతం) - అర్హత ఉంది.
2. పని దినాలు 80, హాజరు 59 (73.75 శాతం) - అర్హత లేదు.
3. పని దినాలు 80, హాజరు 61 (76.25 శాతం) - అర్హత ఉంది.
4. పని దినాలు 80, హాజరు 80 - అర్హత ఉంది.
5. పని దినాలు 80, హాజరు 0 - అర్హత లేదు.
6. పని దినాలు 240, హాజరు 179 (74.58 శాతం) - అర్హత లేదు.
7. పని దినాలు 0, హాజరు 0 - లెక్క కట్టకూడదు, "పని దినాలు నింపలేదు" అని చెప్పాలి.
8. పని దినాలు 80, హాజరు 81 - లెక్క కట్టకూడదు, "సమాచారం తప్పు" అని చెప్పాలి.

ఇందులో మొదటి మూడూ హద్దుకు అటూ ఇటూ చూసేవి. నిబంధనలో ఎక్కడ అంకె ఉంటే అక్కడ ఈ మూడు టెస్టులు తప్పనిసరి, ఎందుకంటే తప్పులకు హద్దులంటే ఇష్టం. ఏడోది సున్నాతో భాగించే ప్రమాదం కోసం. సెమిస్టర్ మొదటి రోజున పని దినాలు సున్నాయే కదా! ఆ రోజు ఎవరైనా ఆ పేజీ తెరిస్తే ప్రోగ్రాం కుప్పకూలకూడదు.

రావలసిన జవాబు ఎక్కడిది?

ఆరో టెస్టును మళ్ళీ చూడండి. 74.58ని దగ్గరి పూర్ణ సంఖ్యకు సవరిస్తే 75 అవుతుంది. తెర మీద 75 అని కనిపిస్తుంది, పక్కనే "అర్హత లేదు" అని ఉంటుంది. చూసినవాళ్ళు గొడవ పడతారు. మరి సవరించాలా, వద్దా? ఈ ప్రశ్నకు జవాబు ప్రోగ్రాంలో దొరకదు, నిబంధన రాసిన కాగితంలో వెతకాలి. మేము పైన సవరించకూడదు అనుకుని రాశాం. నిబంధన సవరించమంటే ఆరో టెస్టు జవాబు మారుతుంది.

ఇంకో విచిత్రం ఉంది. పైథాన్ 3లో 'రౌండ్' అనే ఆజ్ఞ 74.5ని 75 చెయ్యదు, 74 చేస్తుంది. 75.5ని మాత్రం 76 చేస్తుంది. సరిగ్గా సగం దగ్గర ఉన్నప్పుడు అది దగ్గరి సరి సంఖ్య వైపు వెళుతుంది. బడిలో మనం నేర్చుకున్న పద్ధతి వేరు. ఆ తేడా తెలియకుండా రాసిన ప్రోగ్రాంలో అర శాతం దగ్గర ఉన్న విద్యార్థి ఏమవుతాడో ఊహించండి.

అందువల్ల రావలసిన జవాబును ఎప్పుడూ నిబంధన నుంచి, చేత్తో లెక్క కట్టి తెచ్చుకోవాలి. ప్రోగ్రాంను ఒకసారి నడిపి, అది ఇచ్చిన జవాబునే టెస్టులో "రావలసిన జవాబు" అని రాసుకుంటే దొంగ చేతికి తాళం ఇచ్చినట్టే. అప్పుడు తప్పు కూడా పాస్ అవుతుంది, ఎప్పటికీ పాస్ అవుతూనే ఉంటుంది.

అమర్చడం

ఈ టెస్టులను నడిపే పనిముట్లు ఒక్కో భాషకు ఒక్కోటి ఉన్నాయి. జావాలో జేయూనిట్ పేరు పొందింది. కెంట్ బెక్, ఎరిక్ గామా అనే ఇద్దరు 1997లో జ్యూరిక్ నుంచి అట్లాంటా వెళ్ళే విమానంలో పక్కపక్కన కూర్చుని దాని మొదటి రూపం రాశారు. పైథాన్‌కు పైటెస్ట్ ఉంది. ఉచితం, నేర్చుకోవడం తేలిక. కనుక దాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాం. అమర్చేటప్పుడు ఐదు సంగతులు చూసుకోవాలి.

మొదటిది, వేరు గది. ప్రతి ప్రాజెక్టుకూ విడిగా 'వర్చువల్ ఎన్విరాన్‌మెంట్' తయారుచేసుకుని, అందులోనే పైటెస్ట్‌నూ మిగతా లైబ్రరీలనూ వేసుకోవాలి. ఏ లైబ్రరీ ఏ వెర్షనో ఒక ఫైలులో అంకెలతో సహా రాసిపెట్టాలి. "నా కంప్యూటర్‌లో పాస్ అయింది, నీ దాంట్లో ఎందుకు ఫెయిల్ అయింది?" అనే తగువుకు వెర్షన్ల తేడా ఒక పెద్ద కారణం.

రెండోది, అసలు డేటాకు దూరం. టెస్టులకు వేరే డేటాబేస్ ఉండాలి. లేకపోతే టెస్టు నడిపిన ప్రతిసారీ నిజమైన విద్యార్థికి హాజరు పడిపోవచ్చు, నిజమైన తల్లిదండ్రుల ఫోనుకు "మీ అబ్బాయి రాలేదు" అని మెసేజ్ వెళ్ళవచ్చు. డేటాబేస్ చిరునామాను ప్రోగ్రాంలో పాతిపెట్టకుండా బయట సెట్టింగ్స్‌లో ఉంచితే టెస్టుల సమయంలో దాన్ని మార్చడం సులువు.

మూడోది, పేర్లు. పైటెస్ట్ మామూలుగా 'టెస్ట్' అనే ఇంగ్లీషు మాట, దాని పక్కన అండర్‌స్కోర్ గుర్తుతో మొదలయ్యే ఫైళ్ళను, లేదా ఆ గుర్తు, ఆ మాటతో ముగిసే ఫైళ్ళను వెతుకుతుంది. వాటిలో 'టెస్ట్' అని మొదలయ్యే ఫంక్షన్లను మాత్రమే నడుపుతుంది. పేరులో ఒక్క అక్షరం తేడా పడినా ఆ ఫైలు దాని కంటికి కనపడదు. ఫెయిల్ అని కూడా చెప్పదు. ఊరికే వదిలేస్తుంది.

నాలుగోది, ప్రతి టెస్టుకూ కొత్త మొదలు. ఒక టెస్టు వదిలిన చెత్త మీద ఇంకో టెస్టు నడవకూడదు. దీనికి పైటెస్ట్‌లో 'ఫిక్స్చర్' అనే ఏర్పాటు ఉంది. టెస్టుకు ముందు కావలసినవి సిద్ధం చేసి, టెస్టు అయ్యాక శుభ్రం చేసి పోవడం దాని పని. చాలా ఫైళ్ళకు కావలసిన ఫిక్స్చర్లను 'కాన్ఫ్‌టెస్ట్' అనే ఒకే ఫైలులో పెడితే అందరూ వాడుకోవచ్చు.

ఐదోది, సెట్టింగ్స్ ఫైలు. టెస్టులు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయి, ప్రతిసారీ వాడే ఆప్షన్లు ఏవి, టెస్టులకు తగిలించే గుర్తులు ఏవి అన్నవి 'పైటెస్ట్ డాట్ ఐ.ఎన్.ఐ.' అనే ఫైలులో రాయాలి. నెమ్మదిగా నడిచే టెస్టులకు "నెమ్మది" అనే గుర్తు పెట్టుకుంటే అవసరమైనప్పుడు వాటిని పక్కన పెట్టవచ్చు. ఈ ఫైలును ప్రోగ్రాంతో పాటే భద్రపరచాలి. అప్పుడు కొత్తగా చేరినవాళ్ళు కూడా మొదటి రోజే అదే పద్ధతిలో నడపగలరు.

పైన రాసిన ఎనిమిది వరసల పట్టికకు ఎనిమిది ఫంక్షన్లు అక్కర్లేదు. జవాబు చెప్పవలసిన మొదటి ఆరింటికీ ఒక ఫంక్షన్, లెక్క కట్టనని చెప్పవలసిన చివరి రెండింటికీ ఒక ఫంక్షన్ చాలు. 'పారామెట్రైజ్' అనే సౌకర్యంతో ఆ వరసలను వాటికి అందిస్తే పైటెస్ట్ వాటిని ఎనిమిది టెస్టులుగానే లెక్కపెడుతుంది.

నడపడం

ప్రాజెక్టు ఫోల్డర్‌లో నిలబడి 'పైటెస్ట్' అని టైపు చేసి ఎంటర్ నొక్కితే చాలు. పాస్ అయిన ప్రతి టెస్టుకూ ఒక చుక్క పడుతుంది. ఫెయిల్ అయితే 'ఎఫ్', అమరికలోనే తేడా వస్తే 'ఇ', కావాలని వదిలేసినదానికి 'ఎస్' పడతాయి. చివర మొత్తం లెక్క వస్తుంది. అన్నీ పాస్ అయితే ఆకుపచ్చ, ఏ ఒక్కటి ఫెయిల్ అయినా ఎరుపు. ఫెయిల్ అయినదాని దగ్గర రావలసిన జవాబు ఏమిటో, వచ్చిన జవాబు ఏమిటో పక్కపక్కన చూపిస్తుంది.

తప్పును దిద్దే సమయంలో అన్నిటినీ ప్రతిసారీ నడపనక్కర్లేదు. మొదటి ఫెయిల్ దగ్గరే ఆగిపొమ్మనవచ్చు. కిందటిసారి ఫెయిల్ అయినవాటినే నడపమనవచ్చు. పేరులో ఫలానా మాట ఉన్నవాటినే నడపమనవచ్చు. వీటన్నిటికీ ఆప్షన్లు ఉన్నాయి. దిద్దడం అయ్యాక మాత్రం మొత్తం సూట్ నడపాల్సిందే.

మనకు రంగులు కనిపిస్తాయి, మరి ఇంకో ప్రోగ్రాంకు ఫలితం ఎలా తెలుస్తుంది? నడవడం పూర్తయ్యాక పైటెస్ట్ ఒక అంకెను వదిలి వెళుతుంది. దాన్ని 'ఎగ్జిట్ కోడ్' అంటారు. 0 అంటే అన్నీ పాస్. 1 అంటే కొన్ని ఫెయిల్. 5 అంటే నడపడానికి అసలు టెస్టులే దొరకలేదు. ఈ 5 చాలా విలువైనది. ఏ టెస్టూ నడవకపోవడం, అన్ని టెస్టులూ పాస్ కావడం ఒకటి కాదు కదా! అయితే పది ఫైళ్ళలో ఒక ఫైలు పేరు మాత్రమే తప్పుగా ఉంటే 5 రాదు. మిగతా తొమ్మిదీ పాస్ అయి పచ్చగానే కనిపిస్తుంది. కాబట్టి రంగుతో పాటు సంఖ్యను కూడా చూసే అలవాటు చేసుకోవాలి. నిన్న 212 పాస్ అని ఉండి ఈ రోజు 204 పాస్ అని ఉంటే, ఆ ఎనిమిది ఎక్కడికి పోయాయో కనుక్కోవాలి.

ఇక మనుషులు మరిచిపోకుండా ఉండటానికి 'కంటిన్యువస్ ఇంటిగ్రేషన్' అనే పద్ధతి ఉంది. జెంకిన్స్, గిట్‌హబ్ యాక్షన్స్ వంటివి ఇందుకోసమే. ఎవరు ఏ మార్పు పంపినా అవి ఒక శుభ్రమైన యంత్రం మీద ప్రోగ్రాంను మొదటి నుంచి సిద్ధం చేసి, మొత్తం సూట్ నడిపి, ఎగ్జిట్ కోడ్ చూస్తాయి. 0 కాకపోతే ఆ మార్పును అసలు ప్రోగ్రాంలో కలవనివ్వకుండా ఆపేలా పెట్టుకోవచ్చు. మా చెల్లెలి విషయంలో ఈ ఏర్పాటు ఉండి, మిత్రుడి తప్పు దిద్దిన రోజునే మొదటి టెస్టు రాసి ఉంటే, పాత కాపీలో చేసిన మార్పు గేటు దగ్గరే ఆగిపోయేది.

నాన్నా పులి!

నాన్నా పులి కథ మనందరికీ తెలుసు. పిల్లవాడు ఊరికే రెండుసార్లు అరిచాడు. నిజంగా పులి వచ్చిన రోజు ఎవరూ రాలేదు. టెస్టుల్లోనూ అలాంటివి ఉంటాయి. ప్రోగ్రాంలో ఏ మార్పూ లేకపోయినా ఒకసారి పాస్, ఒకసారి ఫెయిల్ అవుతుంటాయి. వీటిని 'ఫ్లేకీ' టెస్టులు అంటారు. ఇవి నాలుగు ఉంటే చాలు, మిగతా రెండు వందల టెస్టుల పరువూ పోతుంది. ఎర్ర రంగు కనిపించగానే "అది అలాగే వస్తుందిలే, మళ్ళీ నడుపు" అంటారు. నిజమైన తప్పు ఆ "లే" కింద నుంచే దాటిపోతుంది.

కారణాలు సాధారణంగా ఇవి. టెస్టు ఈ రోజు తేదీ మీద ఆధారపడి ఉంటుంది. నెల మారగానే ఫెయిల్ అవుతుంది. తేదీని ప్రోగ్రాంకు బయటి నుంచి ఇచ్చేలా రాసి, టెస్టులో ఒక స్థిరమైన తేదీ ఇవ్వాలి. ఒక టెస్టు ఇంకోదాని తర్వాతే నడవాలి అన్నట్టు ఉంటుంది. అప్పుడప్పుడు వరస కలిపేసి నడిపితే అలాంటివి బయటపడతాయి. ఇంటర్నెట్ మీదో, మెసేజ్‌లు పంపే సర్వీసు మీదో ఆధారపడి ఉంటుంది. దాని స్థానంలో 'మాక్' అనే నకిలీని నిలబెట్టాలి. బ్రౌజర్ టెస్టుల్లో పేజీ తెరుచుకోవడానికి "రెండు సెకన్లు ఆగు" అని రాస్తారు. నెట్ నెమ్మదిస్తే ఫెయిల్ అవుతుంది. ఇన్ని సెకన్లు అని కాకుండా "ఫలానా బటన్ కనిపించేదాకా ఆగు" అని రాయాలి.

వెంటనే బాగుచెయ్యడానికి వీలుకాని టెస్టును పక్కన పెట్టవచ్చు, కానీ ఎందుకు పెట్టామో, ఎవరు, ఏ తేదీలోగా బాగుచేస్తారో దాని పక్కనే రాయాలి. లేకపోతే అది శాశ్వతంగా పక్కనే ఉండిపోతుంది.

పచ్చగా ఉంటే అంతా బాగున్నట్టేనా?

కాదు. టెస్టులు తప్పులు ఉన్నాయని చూపగలవే గానీ అసలు లేవని నిరూపించలేవని డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా యాభై ఏళ్ళ కిందటే చెప్పారు. దీనికి రెండు ఉదాహరణలు.

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కూరూ నుంచి ఎగిరిన మొదటి ఏరియేన్-5 రాకెట్ సుమారు 40 సెకన్లలో ముక్కలైపోయింది. పాత ఏరియేన్-4 రాకెట్‌లో బాగా పనిచేసిన సాఫ్ట్‌వేర్ భాగాన్ని కొత్తదానిలో పెట్టారు. కొత్త రాకెట్ వేగం ఎక్కువ. దాంతో 64 బిట్ల సంఖ్య ఒకటి 16 బిట్లలో పట్టక లెక్క తప్పింది. కొత్త రాకెట్ ప్రయాణ మార్గం అంకెలతో ఆ భాగాన్ని ముందుగా పరీక్షించలేదని విచారణ సంఘం తేల్చింది. పాత ప్రశ్నలకు పాస్ అయినది కొత్త ప్రశ్నలకూ పాస్ అవుతుందని నమ్మడం వల్ల వచ్చిన నష్టమిది.

రెండోది మనకు బాగా గుర్తున్నదే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ పంపిన ఒక అప్‌డేట్ వల్ల ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో కూడా ఆ రోజు చేతిరాతతో బోర్డింగ్ పాసులు రాసిచ్చారు. ఆ సంస్థకు టెస్టులు లేవా? ఉన్నాయి, పాస్ కూడా అయ్యాయి. ప్రోగ్రాంలో ఒక భాగం 21 అంశాలు వస్తాయనుకుంది, ఇంకో భాగం 20 మాత్రమే ఇచ్చింది. టెస్టుల్లో ఆ 21వ అంశం దగ్గర "ఏదైనా ఫరవాలేదు" అని పెట్టారు. అందుకని లేని అంశాన్ని ఎవరూ తడిమి చూడలేదు. ఆ రోజు పంపిన ఫైలు మొదటిసారిగా దాన్ని తడిమింది.

మరి మన సూట్ నిజంగా కాపలా కాస్తోందో, కూర్చుని నిద్రపోతోందో తెలుసుకోవడం ఎలా? ఒక తేలిక పద్ధతి ఉంది. ప్రోగ్రాంలో కావాలని ఒక తప్పు పెట్టండి. హాజరు లెక్కలో సమానం గుర్తు తీసేయండి. సూట్ నడపండి. ఎరుపు వస్తే కాపలా మెలకువగా ఉన్నట్టు. పచ్చగానే ఉంటే ఆ హద్దు దగ్గర టెస్టు లేదన్నమాట. చూశాక సమానం గుర్తు మళ్ళీ పెట్టడం మరవద్దు! ఈ పనినే యంత్రంతో పెద్ద ఎత్తున చేయించడాన్ని 'మ్యుటేషన్ టెస్టింగ్' అంటారు.

మనం ఎక్కడ మొదలుపెట్టాలి?

టెస్టింగ్ అనగానే మనవాళ్ళకు అమీర్‌పేట గుర్తొస్తుంది. అక్కడి గోడల మీద 2000ల్లో విన్‌రన్నర్, క్యూ.టి.పి. కోర్సుల ప్రకటనలు ఉండేవి. ఆ రెండూ మెర్క్యురీ అనే కంపెనీవి. 2006లో ఆ కంపెనీని హెచ్.పి. కొన్నది. తర్వాత ఆ గోడల మీదికి సెలీనియం వచ్చింది. 2004లో షికాగోలో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టిన ఉచిత పనిముట్టు అది. బ్రౌజర్‌ను మనిషి నడిపినట్టే నడుపుతుంది. మెర్క్యురీ అంటే పాదరసం. పాదరసం విషానికి సెలీనియం విరుగుడు అంటారు గనుక సరదాగా ఆ పేరు పెట్టారు. పనిముట్ల పేర్లు ఇలా మారుతూనే ఉంటాయి. వేలకు వేలు పోసి ఒక పేరు నేర్చుకునేలోగా ఇంకో పేరు వస్తుంది. హద్దులు వెతకడం, జవాబును నిబంధన నుంచి తేవడం, ప్రతి టెస్టునూ కొత్త మొదలుతో నడపడం - ఇవి మాత్రం మారవు. కోర్సులో చేరేముందు ఇవి చేతికి వస్తే ఏ పనిముట్టు అయినా తొందరగా వస్తుంది.

ఇంకో మాట. నెమ్మదిగా నడిచే బ్రౌజర్ టెస్టులతోనే మొత్తం సూట్ కట్టవద్దు. హాజరు లెక్క లాంటి చిన్న చిన్న భాగాలకు ఎక్కువ టెస్టులు, భాగాలు కలిసే చోట కొన్ని, బ్రౌజర్‌తో మొదటి నుంచి చివరిదాకా నడిచేవి కొద్ది - ఈ పాళ్ళు పాటించాలి. అప్పుడు ప్రతి మార్పుకూ చిన్నవన్నీ నిమిషంలో నడుస్తాయి, పెద్దవి రాత్రిపూట నడుస్తాయి.

కంప్యూటర్ లేదని ఆగనక్కర్లేదు. సగం పని నోటు పుస్తకంలోనే అవుతుంది. మన మెస్ బిల్లు లెక్క తీసుకోండి. నెల మధ్యలో చేరినవారికి ఎంత? సెలవుల్లో ఇంటికెళ్ళినవారికి ఎంత? ఫిబ్రవరిలో 29 రోజులుంటే? ఒక్క రోజూ తినకపోతే? ఇచ్చినది, రావలసిన జవాబు అని రెండు గళ్ళు గీసి పట్టిక రాయండి. కొన్ని వరసల దగ్గర నిబంధన ఏమి చెబుతుందో మీకే తెలియదని తెలుస్తుంది. అప్పుడు వెళ్ళి అడగండి. అలా అడిగించడమే టెస్టులు చేసే మొదటి మేలు. ఆ పట్టిక చేతిలో ఉంటే కాలేజీ ల్యాబులో పైటెస్ట్‌లోకి ఎక్కించడం గంట పని.

మీలో కొందరు రేపు ప్రోగ్రాంలు రాస్తారు. కొందరు ఆఫీసుల్లో వాటిని వాడతారు. ఎక్కడున్నా, ఒక తప్పు దొరికితే ముందు దాన్ని పట్టే టెస్టు రాసి, అది ఎరుపు చూపించాక, అప్పుడు ప్రోగ్రాం దిద్దండి. ఆ టెస్టును సూట్‌లో ఉంచేయండి. మీరు ఆ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయినా, మీకు ముఖపరిచయం కూడా లేని ఏ విద్యార్థి కోసమో అది అక్కడ ప్రతిరోజూ నడుస్తూనే ఉంటుంది.

పట్టికలు రాసినవాళ్ళు ఆదివారం సాయంత్రం రీడింగ్ రూముకు తీసుకురండి, కలిసి చూద్దాం.

హాస్టల్ వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ సీనియర్లు